కొబ్బరితోటలో తొమ్మిది గుంటలు

"ఏడో గుంట దగ్గర బంతిని కాలువ మీంచి దాటించాలని చూడకూడదు."

ఈ వాక్యం నా నోటుపుస్తకంలో నాలుగుచోట్ల ఉంది. నాలుగుసార్లూ కాలువలో బంతి పోగొట్టుకుని ఇంటికొచ్చిన రోజునే రాసుకున్నాను. ఐదోసారి రాయవలసిన అవసరం రాలేదు. నాకు బుద్ధి రావడం వల్ల కాదు, బంతులు తరిగిపోవడం వల్ల.

ఉద్యోగంలో చేరిన నాటి నుంచి నేను రోజూ డైరీ రాస్తున్నాను. నీటిపారుదల శాఖలో పని. ఏ తూము దగ్గర నీరు ఎంత ఉందో, ఏ గేటు ఎన్ని అంగుళాలు ఎత్తామో సాయంత్రం కాగితం మీద పెట్టకపోతే మర్నాడు రైతులకి జవాబు చెప్పుకోలేం. ఆ అలవాటు రిటైరయ్యాక కూడా పోలేదు. ఎండ, వాన, ఎవరొచ్చారు, ఏ కూర, ఎన్నింటికి నిద్ర, అన్నీ ఉంటాయి. డైరీలన్నీ తేదీలవారీగా ఉంటే ఈ ఒక్క నోటుపుస్తకం మాత్రం గుంటలవారీగా ఉంటుంది. ఇది గోల్ఫ్ పుస్తకం.

ఎక్కడో కొండల మధ్య ఒక ప్రాజెక్టు కాలనీలో పనిచేసినప్పుడు మా పై ఆఫీసరుగారికి ఆ ఆట పిచ్చి ఉండేది. తోడు దొరక్క నన్ను పిలిచేవారు. కాదనలేక నేర్చుకున్నాను, తర్వాత మానలేకపోయాను. రిటైరై కొత్తపేట దగ్గర మా ఊరికి వచ్చేటప్పుడు సామాన్లతోబాటు ఐదు కర్రలూ, సంచీ నిండా బంతులూ తెచ్చుకున్నాను. ఇక్కడ ఎక్కడ ఆడతాం? ఎటు చూసినా వరి, కాకపోతే కొబ్బరి, రెండూ కాకపోతే నీళ్ళు. మూడేళ్ళు ఆ కర్రలు అటక మీదే ఉన్నాయి. మా ఆవిడ ఒకదాన్ని దింపించి మునక్కాయలు లాగడానికి వాడుకుంది. పని బాగానే చేసిందని డైరీలో రాశాను.

ఆ మునక్కాయల కర్రని ఒకరోజు మా బావగారు చూశారు. ఆయన మా ఆవిడకి అన్నగారు. ఊరి చివర పంట కాలువ పక్కన ఐదెకరాల కొబ్బరితోట ఆయనది.

"ఇదేంటండి బావగారూ, చేతికర్రా? వంకర కిందుందేంటండి, పైనుండాలి గదా?"

ఆట గురించి చెప్పాను. నవ్వారు. తోటలోకి తీసుకెళ్ళి, రాలి ఎండిపోయిన కొబ్బరి పిందె ఒకటి నేల మీద పెట్టి కొట్టి చూపించాను. అది కాలువ దాటి అవతలి గట్టు మీద పడింది. బావగారు కండువా తీసి పక్కనున్న పాక గుంజకి తగిలించారు.

"ఏదీ, ఇలా ఇవ్వండి."

ఆ రోజు ఆయన పదహారు పిందెలు కొట్టారు. కర్రకి తగిలినవి మూడు. మర్నాడు పొద్దున్న మేం కాఫీ తాగకముందే మా గుమ్మంలో ఉన్నారు.

అలా మొదలైంది. టేపు పట్టుకుని తోటంతా కొలిచాను. నూట ఇరవై గజాలకి మించి ఎక్కడా తిన్నని దారి లేదు. అయినా తొమ్మిది గుంటలకి చోటు కుదిరింది. ఈ ఆటలో గుంట చుట్టూ నున్నటి పచ్చిక ఉండాలి, దాన్ని గ్రీన్ అంటారని చెప్పాను. పచ్చిక నున్నగా ఉంచడం మనవల్ల కాదన్నారు బావగారు. చదును చేసి, ఇసక కలిపిన మట్టి పరిచి, దిమ్మిస కొట్టించి, పేడతో అలికించారు, నూర్పిళ్ళకి కళ్ళం చేసినట్టు.

"పేడరంగులో ఉన్నదాన్ని గ్రీనంటే నవ్వుతారండి. కళ్ళం అందాం."

కళ్ళం అనే మాటే ఉండిపోయింది. మధ్యలో నీళ్ళ గొట్టం ముక్క పాతి గుంట చేశాం. వెదురుపుల్లకి ఎర్రగుడ్డ కట్టి జెండా పెట్టాం. మిగతా గడ్డి కత్తిరించే పని బావగారి గేదెలు చూసుకున్నాయి.

మూడోవారుగా వచ్చి చేరినవారు మాస్టారు. మా హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఆయన భార్య కూడా టీచరే. వంతెన అవతల చర్చి పక్కవీధిలో ఉంటారు. పొద్దున్నే కాలువ గట్టున నడిచే అలవాటు ఆయనకి. రెండురోజులు గట్టు మీద ఆగి మమ్మల్ని చూసి వెళ్ళిపోయారు. మూడోరోజు ఉండబట్టలేక అడిగారు.

"ఏమండీ, ఆ బంతి గుంటలో పడ్డానికి అన్ని దెబ్బలెందుకండి? చేత్తో పట్టికెళ్ళి వేసేస్తే పోద్ది గదా?"

బావగారు తలెత్తకుండానే చెప్పారు. "మా పెద్దోడు ఆన్సరొకటీ రాసుకొస్తే సున్నా వేసేరు తమరు. స్టెప్పులన్నీ ఉండాలన్నారు. ఇదీ అంతేనండి."

మాస్టారు గట్టు దిగి వచ్చారు. నా దగ్గరున్న ఐదు కర్రల్లో, తలమీద ఏడు అని అంకె వేసి ఉన్న ఏడో నంబరుది ఆయనకిచ్చాను. నెల తిరిగేసరికి ఆయన కూడా బావగారిని బావగారనే పిలవడం మొదలుపెట్టారు.

ఆటకి కొలత చెప్పాలి. గుంటకి నాలుగు దెబ్బల చొప్పున తొమ్మిదింటికి ముప్ఫయ్యారు దెబ్బల్లో ముగిస్తే అది గొప్ప ఆట. ఎన్ని తక్కువైతే అంత మంచిది. నేను నలభై నాలుగు దాకా వచ్చాను. బావగారు నలభై ఏడు. మాస్టారు యాభై ఐదు దాటకుండా ఎప్పుడూ ఆడలేదు. బలం లేక కాదు. ప్రతి దెబ్బకీ ముందు కోణాలు లెక్కగట్టి, చెట్టుకి కొట్టి మళ్ళించాలని చూసేవారు. కొబ్బరిచెట్టు మొదలు గుండ్రంగా ఉంటుంది కదా, బంతి దాని ఇష్టం వచ్చినవైపు పోయేది.

నేను పుస్తకం రాయడం అప్పుడే మొదలుపెట్టాను. ఈ తోట చూడటానికి బల్లపరుపుగా ఉంటుంది గాని ఆడేవాడికి అడుగడుగునా పరీక్షే.

మొదటి గుంట అరవై గజాలు, రెండు వరసల మధ్య తిన్నగా కనిపిస్తుంది. అందరూ పైకెత్తి కొడతారు. అక్కడే తప్పు. కాలువవైపు వరస చెట్లు వెలుతురు కోసం నీళ్ళమీదికి వంగినట్టే, ఈ రెండు వరసలూ తలకాయ ఎత్తున దారిమీదికి వంగి ఉన్నాయి. కింద ఉన్న దారి పైన లేదు. బంతిని మోకాలు ఎత్తు దాటనివ్వకూడదు. రెండోదానికి అడ్డంగా బోదె ఉంది, అంటే చెట్లకి నీళ్ళు పెట్టే చిన్న కాలవ. ఒక్క దెబ్బలో దాటవచ్చు, కాని అవతలి ఒడ్డు మెత్తన. దూకిన బంతి అక్కడే దిగబడిపోతుంది. బోదెకి ఇవతల ఆపి, రెండో దెబ్బకి దాటించాలి. మూడో గుంట పీతల రాజ్యం. గట్టు నిండా వాటి బొరియలు. బంతి బొరియలోకి పోతే దెబ్బ లెక్కపెట్టకూడదని మేం ముగ్గురం ఒప్పుకున్నాం. చెయ్యి పెట్టి తియ్యకూడదని మాత్రం బావగారి అనుభవం.

నాలుగోది ఎలా ఆడాలో ఎవరూ రాయలేరు. దింపు జరిగిన రోజు, అంటే చెట్లెక్కి కాయ దించిన రోజు, ఆ కాయంతా నాలుగో కళ్ళం ముందే రాశి పోస్తారు. వారంపాటు అక్కడో కొండ ఉంటుంది. వ్యాపారి లారీ వచ్చి ఎత్తుకెళ్ళాక మళ్ళీ నేల. అంచేత ఆ పేజీలో నేను రాసింది ఒక్కటే: "దింపు ఎప్పుడో బావగారిని ముందురోజే అడగవలెను." ఐదో గుంట గురించి మూడు పేజీలుంది. అక్కడ గాలి మోసం చేస్తుంది. చెట్ల కింద ఆకు కదలదు. పైన మట్టలు ఊగుతుంటాయి. బంతి మొవ్వుల ఎత్తుకి వెళ్ళిందంటే పైరగాలి పట్టుకుని ఉత్తరానికి తోసేస్తుంది. కింద ఉండి పైనున్న గాలిని చూడాలి. అయితే నిలబడి ఆలోచించే చోటు చూసుకోవాలి. పండుకాయ రాలే చెట్టు కింద నిలబడి ఆలోచించకూడదు. ఆరోది పొడుగు. ఓపిక తప్ప ఉపాయం లేదు.

ఏడోది అసలు పరీక్ష. కాలువ అక్కడ కొడవలిలా వంపు తిరుగుతుంది. ఇవతల నిలబడితే కళ్ళం అవతల ఎదురుగా కనిపిస్తుంది, మధ్యలో నలభై గజాల నీళ్ళు. వంపు వెంబడి కొబ్బరి దుంగల వంతెన మీదుగా చుట్టి వెళ్ళవచ్చు, అలాగైతే రెండు దెబ్బలు ఎక్కువ. దాటించాలని చూసినవాడికి పోయేది రెండు దెబ్బలు కాదు, బంతి. ఎదురుగా కనబడుతున్నది దగ్గరలో ఉన్నట్టు అనిపిస్తుంది. అదే దాని మాయ.

ఎనిమిదో గుంట చిన్నది. తొమ్మిదోది పశువుల పాక పక్కన. కళ్ళం కాస్త పాకవైపు వాలి ఉంటుంది. కంటికి తెలియదు. నీళ్ళు పోసి చూసి కనుక్కున్నాను. గుంటకి కుడిపక్కగా, బెత్తెడు దూరంగా కొట్టాలి. అప్పుడది తనే లోపలికి వస్తుంది.

ఆదివారాలు మాస్టారికి చర్చి కాబట్టి ఆట లేదు. మిగతా రోజుల్లో ఆరింటికి మొదలుపెట్టి ఎండ ముదిరే లోపల ముగించేవాళ్ళం. రెండేళ్ళు అలా హాయిగా నడిచింది.

తర్వాత మాస్టారి కంటికి జబ్బు చేసింది. నీటికాసులు అన్నారు కాకినాడ డాక్టరుగారు. తెలుసుకునేసరికే కుడికన్ను పోయింది. ఎడమకంటి చూపు పక్కల నుంచి మూసుకుపోతూ గొట్టంలోంచి చూసినట్టు అయింది. చుక్కల మందు వేస్తే ఉన్నది కొన్నాళ్ళు నిలబడుతుంది, పోయింది రాదన్నారట. ఈ సంగతి మాస్టారు మాకు ఆరో గుంట దగ్గర, ఎవరిదో కబురు చెప్పినట్టు చెప్పారు. తర్వాత నావైపు తిరిగారు.

"ఇంజినీరుగారూ, నాదో చిన్న కోరికండి. ఈ కన్ను కూడా మూతపడేలోగా ఒక్కసారి యాభై లోపు ఆడాలండి. ఆ రోజు మీ కర్ర మీకిచ్చేసి గట్టు మీద కూచుంటాను."

"ఎంతమాటండి, ఆడతారు," అన్నారు బావగారు.

అప్పటినుంచి మేమిద్దరం ఆయనకి చెరోవైపు నడిచేవాళ్ళం. కాళ్ళ దగ్గర బంతి ఆయనకి కనిపించేది. జెండావైపు భుజం తిప్పి నిలబెడితే బాగానే కొట్టేవారు. కొట్టాక బంతి ఎటు పోయిందో తెలిసేది కాదు. కళ్ళం మీద ఆఖరి దెబ్బ నెట్టి, తల పక్కకి వంచి అడిగేవారు.

"పడిందాండి?"

మొదటిసారి అది గుంటకి జానెడు ఇవతల ఆగింది. బావగారు "ఆయ్, పడిందండి" అన్నారు. అని, కాలితో మెల్లగా లోపలికి నెట్టారు. నేను ఆయనవైపు చూశాను. ఆయన చెట్లవైపు చూశారు.

రెండోసారి అడిగినప్పుడు ఆయ్ అన్నది నేనే.

మావైపు ఈ జబ్బు అందరికీ ఉంది. ఎండలో నడిచొచ్చినవాడు సఖినేటిపల్లి రేవు ఎంత దూరమని అడిగితే దూరమని చెప్పం, ఇంకెంతండి, వచ్చేసేరండి అంటాం. పడవ వెళ్ళిపోయిందని చెప్పం, వచ్చేస్తదండి, కూచోండి అంటాం. ఆశగా అడిగిన మనిషి మొహం మీద లేదు అనడం మాకు చేతకాదు. అది మర్యాద అనుకుంటాం.

ఒక శుక్రవారం ఆ మర్యాద నలభై తొమ్మిదికి చేరింది. తొమ్మిదో కళ్ళం దగ్గర బావగారు లెక్క చెప్పగానే మాస్టారు జేబురుమాలు తీసి కళ్ళజోడు తుడుచుకున్నారు. మర్నాడు మాస్టారూ, టీచరమ్మగారూ కలిసి బస్సులో ఆత్రేయపురం వెళ్ళి పూతరేకులు తెచ్చి, మా రెండిళ్ళకీ స్వయంగా ఇచ్చారు. ఏడో నంబరు కర్ర కూడా తెచ్చి మా వసారాలో గోడకి ఆనించారు.

"మాటంటే మాటండి. యాభై లోపు అయిపోయింది. ఇంక మీరాడండి, నేను వింటాను."

"కూర్చోండి మాస్టారూ, కాఫీ తాగుదురుగాని," అంది మా ఆవిడ. ఆయన వెళ్ళాక పూతరేకు విప్పి నా చేతిలో పెట్టబోయింది. సుగర్ ఉందన్నాను.

"మీకు సుగరెప్పుడొచ్చిందండీ?"

నోరు అబద్ధం చెప్పింది గాని చెయ్యి చెప్పలేదు. ముందురోజు సాయంత్రమే గోల్ఫ్ పుస్తకం వెనకపేజీలో రెండు గళ్ళలో రాశాను. చెప్పినది 49. నిజం 58. ఆ పేజీలో అలాంటి వరసలు చాలా ఉన్నాయి. అవి ఎవరికోసం రాశానంటే చెప్పలేను. తూము దగ్గర నీరు ఎంతుందో అంతే రాసిన చెయ్యి అది.

పదిరోజుల తర్వాత మాస్టారు మళ్ళీ వచ్చారు. నా పుస్తకం ఒకసారి కావాలన్నారు.

"మా టీచరమ్మ చదివి వినిపిస్తానందండి. గుంటలన్నీ కంఠస్థం చేసేస్తాను. చూపు పోయినా తోట నాలో ఉంటది గదా."

ఇన్నేళ్ళలో నా రాతని ఎవరూ అడిగి పట్టుకెళ్ళలేదు. పొంగిపోయాను. పుస్తకం అట్ట తుడిచి మరీ చేతికిచ్చాను. వెనకపేజీలు గుర్తు రాలేదు.

ఆ వారం ఆయన గట్టు మీదికి రాలేదు. పై వారం కూడా రాలేదు. ఒంట్లో బాగాలేదేమోనని వాళ్ళింటికి వెళ్ళాను. టీచరమ్మగారు కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, లోపలికి వెళ్ళిపోయారు. ఎప్పుడూ అలా వెళ్ళే మనిషి కాదు. నా పుస్తకం బల్ల మీద ఉంది.

"యాభై ఎనిమిదండి," అన్నారు మాస్టారు.

నాకు వెనకపేజీలు అప్పుడు గుర్తొచ్చాయి.

"ముప్ఫై రెండేళ్ళు లెక్కలు చెప్పేనండి. కుర్రోడు బాగోలేనోడని, పేదోడని, ఎవడికీ ఒక్క మార్కు జాలికి వెయ్యలేదు. మీరు నాకు తొమ్మిది వేసేరు. గుంటకొకటి."

"తప్పయిపోయిందండి మాస్టారూ."

"తప్పు మీదొక్కరిదీ కాదులెండి. నేనడిగిన తీరలాంటిది. పడిందాండి, పడిందాండి అని ముష్టివాడిలా అడిగితే మీరు మాత్రం ఏం చేస్తారు? కాని నాకున్నదొక్కటే ఆటండి. అది కూడా మీరే ఆడేసేరు."

లోపలి నుంచి టీచరమ్మగారి గొంతు వినిపించింది. "ఆ పూతరేకుల సంగతి కూడా అడగండి."

మాస్టారు నవ్వలేదు, నేనూ నవ్వలేదు. పుస్తకం తీసుకుని వచ్చేశాను. ఆ రోజు డైరీలో వాతావరణం తప్ప ఏమీ రాయలేదు.

బావగారికి చెప్పాను. ఆయన గేదెకి కుడితి పెడుతున్నారు. బక్కెట్టు కింద పెట్టారు.

"నేనే మొదలెట్టేనండి," అన్నారు. "ఆయ్ అనెయ్యడం నోటికలవాటైపోయింది."

మర్నాడు నేను వెళ్ళేసరికి బావగారు మొదటి కళ్ళం మీద బోర్లాపడుకుని ఉన్నారు. కంగారుపడ్డాను. గుంటలో చెయ్యి పెట్టి ఏదో సర్దుతున్నారు. గొట్టం అడుగున కొబ్బరిచిప్పని బోర్లించి, చుట్టూ మట్టి కూరి, పైనుంచి బంతి వదిలారు. టక్ మంది. తలుపు మీద వేలితో కొట్టినట్టు స్పష్టంగా ఉంది.

"స్టీలు పళ్ళెం పెడితే ఇంకా బాగా మోగిందండి. ఇంట్లో తిట్లు మోగేయి, తీసేసేను."

తొమ్మిది గుంటల్లోనూ చిప్పలు బిగించడానికి రెండురోజులు పట్టింది. చిప్ప పల్చగా ఉంటే చప్పుడు చచ్చిపోతోందని ముదురుకాయల చిప్పలు ఏరి తెచ్చారు. పదిహేనడుగుల దూరం నుంచి కళ్ళు మూసుకుని వినమని నన్ను నిలబెట్టారు. వినిపించిందని నేనంటే నమ్మకుండా, "నిజంగానేనాండి?" అని ప్రతి గుంట దగ్గరా అడిగారు. అడగడం సబబే.

మూడోరోజు సాయంత్రం ఇద్దరం మాస్టారింటికి వెళ్ళాం. ఏడో నంబరు కర్ర నా చేతిలో ఉంది. బావగారు గుమ్మం దగ్గరే ఆగి మొదలుపెట్టారు.

"మాస్టారూ, ఇకమీదట మీరు మమ్మల్ని అడగక్కర్లేదండి. పడిందో లేదో గుంటే చెబుద్ది."

మాస్టారు మొహం ఎత్తారు. "గుంటకి మర్యాద తెలీదాండి?"

"తెలీదండి. దాన్నలాగే తయారుచేసేను."

టీచరమ్మగారు ఫక్కున నవ్వారు. మాస్టారు చెయ్యి చాపారు. కర్ర చేతిలో పెట్టాను. దాని పిడి చుట్టూ వేళ్ళు సర్దుకుని, "ఒక షరతండి," అన్నారు. "నేనేదన్నా అడిగితే మీ పుస్తకంలో రాసేదే చెప్పాలి. అది చేతకాకపోతే నోరు మూసుకోండి."

"ఆయ్," అన్నారు బావగారు. అని నాలిక కరుచుకున్నారు.

ఆ తర్వాత ఆడిన మొదటి ఆట గురించి నా పుస్తకంలో ఏడు పేజీలుంది. టీచరమ్మగారు కూడా ఆ రోజు వచ్చి పాక దగ్గర మంచం మీద కూర్చున్నారు. మాస్టారు పుస్తకం నిజంగానే కంఠస్థం చేశారు. మొదటి గుంట దగ్గర నిలబడి, "మోకాలు ఎత్తు దాటనివ్వరాదు," అని నా వాక్యం నాకే అప్పజెప్పి, నేల మీద దొర్లించినట్టు కొట్టారు. బోదెకి ఇవతల ఆపారు. చెట్లకి కొట్టి మళ్ళించే పని పూర్తిగా మానేశారు. ఐదో గుంట దగ్గర తలెత్తి, చూడలేరు కాబట్టి, మట్టల గలగల విని గాలి ఏవైపుదో చెప్పారు. ఆ సంగతి నాకు తట్టలేదు. నా మూడు పేజీల్లో వినడం గురించి ఒక్క మాట లేదు. ప్రతి గుంట దగ్గరా టక్ అన్నాకే కదిలేవాళ్ళం. ఆరు గుంటలకి ముప్ఫయ్యైదు అయ్యాయి.

ఏడో గుంట దగ్గర కాలువ ఒడ్డున ఆయన ఆగిపోయారు. లెక్కలు వేసుకుంటున్నారని తెలుసు. చుట్టి వెళ్తే ఐదో ఆరో అవుతాయి. యాభై లోపు కావాలంటే మిగిలిన రెంటిలో ఒక్కటీ తప్పకూడదు. దాటిస్తే నాలుగుతో తేలిపోతుంది.

"పుస్తకం దాటించొద్దంటది. మీరేమంటారండి?"

నా నోట్లో అలవాటు ప్రకారం తయారుగా ఉన్న మాట, మీకెంతసేపండి మాస్టారూ అన్నది. దాన్ని మింగాను.

"దాటించలేరండి."

అలాంటి మాట ఒక మనిషితో ఎదురుగా అనడం నాకు బాగా కష్టమైంది. మాస్టారు మొహంలో మాత్రం ఏదో బరువు దిగినట్టు కనిపించింది. "అదీ," అని, వంతెనవైపు తిరిగారు. చుట్టి ఆడి ఐదింట్లో వేశారు. ఎనిమిదోది నాలుగు. మొత్తం నలభై నాలుగు.

తొమ్మిదోది ఐదింట్లో వేస్తే నలభై తొమ్మిది, నిజమైన నలభై తొమ్మిది. నాలుగో దెబ్బకి బంతి కళ్ళం మీద, గుంటకి మూడు మూరల దూరంలో ఉంది. మాస్టారు ఏడో నంబరు కర్ర బావగారికిచ్చి, కళ్ళం మీద బంతిని నెట్టే కర్ర తీసుకున్నారు. నేను జెండా తీసేసి, గుంట దగ్గర వెదురుపుల్లతో రెండుసార్లు తట్టాను. ఆయన ఆ చప్పుడువైపు తిరిగి, అక్కడినుంచి బెత్తెడు కుడికి సర్దుకున్నారు. పుస్తకంలో ఉన్నట్టే.

నెట్టారు. బంతి మెల్లగా పాకవైపు వాలుతూ, గుంట అంచు పట్టుకుని సగం చుట్టూ తిరిగి, అవతల నాలుగువేళ్ళ దూరంలో ఆగింది.

గేదె నెమరు వేయడం వినిపిస్తోంది. బావగారి పెదవులు విచ్చుకున్నాయి, మళ్ళీ మూసుకున్నాయి. ఆయన పాదం ఒక అంగుళం కదిలింది. తనే చూసుకుని వెనక్కి తీసుకున్నారు. టీచరమ్మగారు మంచం మీద నుంచి లేచి నిలబడ్డారు. మాస్టారు తల పక్కకి వంచి వింటూనే ఉన్నారు.

"పడలేదన్నమాట," అన్నారు.

"పడలేదండి," అన్నాను. "నాలుగువేళ్ళు."

"ఎటండి?"

"అవతలకండి. కొద్దిగా గట్టిగా కొట్టేరు."

ఆయన గుంటని దాటి అవతలకి నడిచి, వంగి, చేత్తో నేల తడిమి బంతిని పోల్చుకున్నారు. తొందరపడలేదు. కర్ర ఆనించి నెట్టారు.

టక్.

"యాభై," అన్నారు మాస్టారు. "యాభై అయింది గాని యాభై లోపు అవలేదు గదండీ?"

"అవలేదండి," అన్నారు బావగారు. ఆయన నోట ఆ మాట రావడం చూసి టీచరమ్మగారు చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

మాస్టారు నెట్టే కర్ర నాకిచ్చి, బావగారి చేతిలోంచి తన ఏడో నంబరు కర్ర తీసుకుని, తుండుగుడ్డతో దాని మొహానికున్న మట్టి తుడిచి, చంకన పెట్టుకున్నారు.

"అయితే ఇది ఇంకా నా దగ్గరే ఉంటదండి. మాటంటే మాట. పదవే, టీచరమ్మా."

ఇద్దరూ గట్టెక్కారు. ఆవిడ చెయ్యి ఆయన మోచేతి కింద ఉంది. కర్ర వెనక నుంచి కనిపిస్తూనే ఉంది. వంతెన దాటేదాకా బావగారూ నేనూ నిలబడి చూశాం. తర్వాత ఆయన మోకాళ్ళ మీద కూర్చుని తొమ్మిదో గుంటలోంచి బంతి తీసి, చిప్ప కదిలిందేమోనని వేలు పెట్టి చూశారు.

ఇంటికొచ్చి పుస్తకం తెరిచాను. వెనకపేజీలో రెండు గళ్ళ మధ్య ఉన్న గీత కిందికి గియ్యకుండా ఆపేశాను. మాస్టారు, 50 అని ఒక్కచోటే రాశాను. మర్నాటి వరసకి కూడా ఆయన పేరు ముందే వేసి ఉంచాను.